మినుము వేరున కాపురమున్నవారు

వరికోతలకు రెండు మూడు దినములు ముందుగా, నిలిచియున్న పైరులోనే మినుములు చల్లుట కృష్ణాడెల్టాలో మనకు పరిపాటి. దుక్కి లేదు, పిదప కాలువనీరును ఉండదు. నేలలో మిగిలిన పదునే ఆధారము. ఇట్టి బీదకాపురములో ఆ పైరునకు నత్రజని ఎక్కడిది?

గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే యైనను మొక్క దానిని నేరుగా గ్రహింపజాలదు. మినుమువేరు మట్టిలోనికి కొన్ని రసములను స్రవించును. వానిని పసికట్టి రైజోబియం అను సూక్ష్మజీవులు వేరును చేరి, లోన ప్రవేశించి, బుడిపెలలో నివసించును. మొక్క వానికి చక్కెర పెట్టును. అవి గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చునట్లు మార్చి యిచ్చును. ఇట్టి జీవులు మసలు వేరుచుట్టు మంటికి 1904లో జర్మను శాస్త్రజ్ఞుడు లోరెంజ్ హిల్ట్నర్ రైజోస్ఫియర్ అని పేరు పెట్టెను.

గత పుష్యమాసములో ఉయ్యూరు దారిలో ఒక చేనిగట్టున ఆగితిమి. క్రింది ఆకులు వెలవెలబోయినవని రైతు యూరియా బస్తాకు మనిషిని పంపబోవుచుండెను. పల్లాకు తెగులు కాదని చూచుకొని, పారతో మట్టిగడ్డతో సహా ఒక మొక్కను పెళ్ళగించి నీట కడిగితిమి. (పీకి చూడరాదు, బుడిపెలు నేలలోనే తెగిపోవును.) బుడిపెలున్నవి గాని, గోట చీల్చగా లోన తెలుపు. పనిచేయు బుడిపెలో గులాబివన్నె యుండవలయును. మన రక్తమునకు ఎరుపునిచ్చు పదార్థమునకు చుట్టమొకటి అందుండుటయే దానికి కారణము. వేరే ఉబ్బి, చేత రాల్చినను రాలకున్నచో అది నులిపురుగుల పని, బుడిపె కాదు.

నెలల తరబడి నీరు నిలిచిన మడిలో ఈ జీవులు తగ్గిపోవచ్చును. ఉన్నవియు మినుమునకు తగినవి కాకపోవచ్చును. తడిలేని చేనిలో బస్తా చల్లినను వేరునకు అందుట కష్టము. కావున పలుచని యూరియానీటిని ఆకులపై పిచికారి చేయుడని చెప్పితిమి. అది ఆపద్ధర్మమే.

అసలు పని విత్తనమువద్ద జరుగవలెను. మినుమునకు ఉద్దేశించిన రైజోబియం కల్చరు 200 గ్రాములు ఎకరము విత్తనమునకు చాలును. కాచి చల్లార్చిన బెల్లపునీటితో పట్టించి, నీడను ఆరబెట్టి, ఆ దినమే చల్లవలయును. పురుగుమందు పట్టింపదలచినచో అది ముందు, కల్చరు చివర.

ఇట్లు చేర్చిన నత్రజని యంతయు తరువాతి వరికి మిగులునని మాత్రము అనుకొనరాదు. అందు పెద్దపాలు గింజలోనికి, అనగా మన ఇడ్లీపిండిలోనికి పోవును.

ఈ కోతలవేళ సగము విత్తనమునకు కల్చరు పట్టించి, సగము ఊరకే చల్లి చూచెదనని ఆ రైతు చెప్పినాడు. పుష్యములో పారతో మరల ఆ గట్టునకు వెళ్ళవలసియున్నది.