రుద్రమ మన రాణే, మరి చందుపట్ల బంటు ఎవరోడు?

(కొంపల్లిలో విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



‘రుద్రమదేవి’ సినిమా గురించి మాట్లాడుమన్నరు. 2015 అక్టోబర్ 9న విడుదలైన సినిమా గురించి ఇన్నేండ్లకు ఏం మాటలని కొందరికి అనిపించొచ్చు. ఆ సినిమా లేపిన పంచాయితీ ఇంకా తెగలేదు గనుక మాట్లాడుతున్నం. రుద్రమ ఎవరి రాణి? ఆమె కథ ఎవరు చెప్పాలె, ఎట్ల చెప్పాలె?

ముందుగాల ఒకటి ఒప్పుకుంటం. రాష్ట్రం వచ్చి అప్పటికి పదహారు నెలలు. ఈ నాగపూర్ రోడ్డు మీది హాల్లనే ఆ సినిమా చూసినం. గోన గన్నారెడ్డి వేషంలో అల్లు అర్జున్ నోరు తెరవంగనే హాలు హాలే లేచింది. 2011 సకల జనుల సమ్మెల 42 రోజులు జీతం లేకుండ నిలబడ్డ మా మిత్రుడొకాయన అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నడు. వీరుడు మన యాసల మాట్లాడిండు మరి! ఏండ్ల తరబడి తెలుగు సినిమా మన మాటను రౌడీకి, తాగుబోతుకు, ఇంట్ల పనోనికి, నవ్వించేటోనికి కట్టబెట్టింది. హీరో ఇంట్ల అందరిదీ ఒక భాష, గేటు కాడ ఉన్నోనిదే మన భాష. ఆ లెక్కన గన్నారెడ్డి యాస చిన్న సంగతి కాదు. రాష్ట్రం రాకపోతే ఆ యాస ఆ పాత్రకు దక్కేది కాదని మేం ఇప్పటికీ నమ్ముతం.

ఇంటికి వచ్చినంక కొద్దిగ చల్లబడి ఆలోచించినం. మన యాస అడవుల తిరిగే తిరుగుబాటుదారుకు దక్కింది, ఓరుగల్లు సింహాసనానికి దక్కలేదు. రాణి, రాజు, మంత్రి అందరూ పుస్తకాల భాషే మాట్లాడిండ్రు. ఓరుగల్లుల పుట్టి పెరిగిన రుద్రమ నోట ఓరుగల్లు మాట లేదు. మన యాసను దొడ్డి దర్వాజ నుంచి లోపటికి పిలిచిండ్రు గని గద్దె మీద కూసోబెట్టలేదు. అసలు శాసనాల్లో గన్నారెడ్డి అడవుల తిరిగే దొంగ కాదు. పాలమూరు వర్ధమానపురం గోన వంశంవాడు, కాకతీయుల సామంతుడు. 1294లో రాయచూరు కోట కట్టించిన విఠలనాథుడు ఈ గన్నారెడ్డి కిందివాడే. ఆయనను గజదొంగ చేసింది అడవి బాపిరాజు నవల.

ఇగ కథలకు వస్తం. రాజుకు కొడుకు లేడు, బిడ్డను కొడుకని లోకాన్ని నమ్మించి పెంచుతరు, ఒకనాడు గుట్టు బయటపడుతది. సినిమాకు నడుము ఇదే. చూడటానికి బాగుంటది. గని గణపతిదేవుడు బతికుండంగనే నిడదవోలు చాళుక్య వీరభద్రునికి రుద్రమను ఇచ్చి పెండ్లి చేసిండు. ఆడబిడ్డ అన్న సంగతి ఎవరికి దాగింది? శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అన్నది నిజం. అది గుట్టు కాదు, గద్దెకున్న పేరు. అంటే ఆడది అని తెలిసీ సామంతులు ఆమె కింద పనిచేయాల్సి వచ్చింది. కొందరు ఒప్పుకోలేదు, ఆమె నిలబడింది. ఈ పోరాటం మారువేషం కథ కంటే ఎంత పెద్దది! 1262 నుంచి 1289 దాకా ఏలింది. దేవగిరి యాదవ మహాదేవుని ఎల్లగొట్టింది. మార్కోపోలో ఆమె న్యాయమైన పాలన గురించి రాసిండు. పాపం ఆయన ఆమెను రాజు భార్య అనుకున్నడు, బిడ్డ అని తెల్వదు.

సినిమా మహాదేవుని మీద గెలుపుతోటి ఆగింది. అసలు కథ అటెన్క ఉన్నది. కాయస్థ అంబదేవుడు ఎదురుతిరిగిండు. ముసలి వయసుల రుద్రమ యుద్ధానికి పోయింది, తిరిగి రాలేదు. ఈ సంగతి మనకు ఎట్ల తెలిసింది? ఏ ఆస్థాన కవి చెప్పలేదు. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లల ఒక రాయి ఉన్నది. 1289 నవంబర్ 27 నాటిది. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరిండ్రని, వాళ్ల పుణ్యం కోసం దేవునికి భూమి ఇస్తున్నమని అందుల రాసి ఉన్నది. ఆ రాయి పెట్టించింది మహారాజు కాదు. పువ్వుల ముమ్మడి అనే బంటు. రాణి చావును ఒక బంటు కాపాడిండు. సినిమాల ఆ బంటుకు ఒక్క నిమిషం దొరకలేదు.

పన్ను సంగతి మీకందరికీ యాదికి ఉండే ఉంటది. తెలంగాణ ప్రభుత్వం ఈ సినిమాకు వినోదపు పన్ను మాఫీ చేసింది. ఆంధ్రప్రదేశ్ చేయలేదు. 2017 జనవరిల ‘గౌతమీపుత్ర శాతకర్ణి’ వచ్చినప్పుడు రెండు రాష్ట్రాలూ మాఫీ ఇచ్చినయి. దర్శకుడు గుణశేఖర్ అప్పుడు ఆంధ్ర ముఖ్యమంత్రికి బహిరంగ లేఖ రాసిండు, మా సినిమాకు ఎందుకు ఇయ్యలేదని. రుద్రమ ఇవతలి రాణి, శాతకర్ణి అవతలి రాజు అని పంపకం చేసుకున్నట్టే కనిపించింది. రాళ్లు మాత్రం ఆ పంపకం ఒప్పుకోవు. గుంటూరు సీమల 1261 నాటి మల్కాపురం శాసనం చదవండి. గురువు విశ్వేశ్వర శివాచార్యునికి గణపతిదేవుడు మందడం ఊరు ఇస్తే రుద్రమ వెలగపూడి ఇచ్చింది. ఆ రాబడితోటి మఠం, బడి, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిచినయి. రుద్రమ దానమిచ్చిన ఆ వెలగపూడిలనే 2016ల ఆంధ్ర సచివాలయం పెట్టుకున్నరు. ఆ సచివాలయానికే ఆ లేఖ పోయింది. ఇటు శాతవాహనుల తొలి రాజుల నాణేలు దొరికింది మన కరీంనగర్ కోటిలింగాలల.

‘చూసిండ్రా, కాకతీయుల కాలంలనే తెలుగోళ్లంతా ఒక్కటి’ అని విశాలాంధ్రవాదులు ఉద్యమంల మనల్ని గెలికేటోళ్లు. ఔను, రుద్రమ రాజ్యం కృష్ణ దాటి ఉండె. దాస్తే దాగదు, దాయాల్సిన పని కూడా లేదు. మనం ప్రత్యేక రాష్ట్రం అడిగింది పదమూడో శతాబ్దపు సరిహద్దులు చూపించి కాదు. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం చూపించి, ముల్కీ కొలువులు చూపించి, నీళ్ల లెక్క చూపించి అడిగినం. మనకు ఏ రాణి సర్టిఫికెట్ అక్కరలేదు. అందుకే ఆమెను ఉన్నది ఉన్నట్టు చూసే ధైర్యం మనకుండాలె.

ఉన్నది ఉన్నట్టు చూస్తే ఇంకొకటి కూడా కనపడుతది. కాకతీయులంటే మనకు పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు. 2015ల చెరువుల పనికి మిషన్ కాకతీయ అని పేరు పెట్టింది అందుకే. చెరువు విలువ కొంపల్లోళ్లకు చెప్పే అవసరం లేదు. 2020 అక్టోబర్‌ల ఫాక్స్ సాగర్ నిండి ఉమామహేశ్వర కాలనీ మునిగితే అందరం చూసినం. గని అదే కాకతీయ రాజ్యం పన్ను కట్టుమని మేడారం మీదికి ఫౌజు పంపిందని, సమ్మక్క సారలమ్మలు కొట్లాడి అమరులైండ్రని కోయ జనం చెప్పుకుంటరు. రుద్రమ మనవడు ప్రతాపరుద్రుని కాలం కథ అది. మనం ఓరుగల్లు తోరణానికీ మొక్కుతం, జంపన్న వాగులనూ మునుగుతం. రెండూ మనయే. 2024 మే నెలల రాజముద్ర నుంచి కాకతీయ తోరణం తీసేయాలని ప్రభుత్వం తలపెట్టింది, గొడవ అయితే వాయిదా వేసింది. రాచరికపు గుర్తులు వద్దన్నరు. తోరణం చెక్కిన చేతులు రాజులవా? తీసేయాలన్నోళ్లు అది ఆలోచించలేదు. ఉంచాలన్నోళ్లల్ల మేడారం ఊసెత్తినోళ్లు కూడా తక్కువే.

సినిమా తీసినోళ్లను తిట్టడానికి రాలేదు. తెలుగుల ఒక ఆడమనిషిని నడుమ నిలబెట్టి అంత ఖర్చుతోటి చరిత్ర సినిమా తీయడం తమాషా కాదు, అనుష్క గుర్రం ఎక్కితే మా ఇంట్ల ఆడపిల్లలు కండ్లార్పకుండ చూసిండ్రు. మన పోరగాండ్లు ఇప్పుడు కెమెరాలు పట్టుకున్నరు, మన యాసల సినిమాలు తీస్తున్నరు. వాళ్లల్ల ఒక్కరన్నా చందుపట్ల రాయి ముందు నిలబడి కథ మొదలుపెడితే చూడాలని ఉన్నది.

నకిరేకల్ దాకా విజయవాడ రోడ్డే, పొద్దుగాల బయలుదేరితే మాపటికల్ల తిరిగి రావచ్చు. ఒక ఆదివారం బస్సు మాట్లాడుకుందాం. వచ్చేటోళ్లు పోయేటప్పుడు బయట బల్ల మీద పేర్లు రాయించండి. జై తెలంగాణ.