తెలివి యంత్రం ఎవరిది?



ఈ రోజు తెలివి గల కంప్యూటర్ గురించి మాట్లాడుకుందాం. పిల్లలు సెల్‌ఫోన్‌లో ఏదో అడుగుతారు. ఫోను జవాబు చెబుతుంది. ఆ తెలివి దానికి ఎక్కడిది? మనుషులు రాసిన కోట్ల పేజీలు చదివించి నేర్పారు. మనిషి బుర్రతో చేసే ఏ పనినైనా చేసే యంత్రం కావాలని ఇప్పుడు పెద్ద పోటీ నడుస్తోంది.

దాన్ని ఎవరు తయారు చేయాలి? లాభం చూసే కంపెనీలా? జీతం అడగని వలంటీర్లా?

అమెరికాలో 2015లో ఓపెన్‌ఏఐ అనే సంస్థ పెట్టారు. లాభం కోసం కాదు, అందరి మేలు కోసం అన్నారు. కానీ ఈ పనికి వేల కంప్యూటర్లు కావాలి. బోలెడు కరెంటు కావాలి. విరాళాలు చాలలేదు. 2019లో ఆ సంస్థ కిందే లాభాల కంపెనీ పెట్టారు. మైక్రోసాఫ్ట్ 100 కోట్ల డాలర్లు పెడతామంది. 2022లో చాట్‌జీపీటీ వచ్చింది. దేశదేశాల జనం వాడారు. దాన్ని ఎలా చేశారో మాత్రం పూర్తిగా చెప్పలేదు.

పచ్చళ్ల కంపెనీ సీసా అమ్ముతుంది. కొలతలు చెప్పదు. పక్కింటి పిన్ని పచ్చడీ పెడుతుంది, కొలతలూ చెబుతుంది. వలంటీర్లది పిన్ని పద్ధతి. 2020లో ఎలూథర్‌ఏఐ పేరుతో కొందరు కలిశారు. మనకు అక్షరాలు నేర్పినవాళ్లలాగే మొదట్లో జీతం లేకుండా పని చేశారు. చేసింది అందరికీ ఉచితంగా ఇచ్చారు. అయితే పెద్ద కంప్యూటర్లు వాళ్లకూ కంపెనీలే ఇవ్వాల్సి వచ్చింది. అందరికీ ఇస్తే చెడ్డవాళ్ల చేతికీ పోతుందని కొందరు అంటారు. అందులోనూ నిజం ఉంది.

ఇంకో దారి కూడా ఉంది. 2021, 2022లో వెయ్యిమందికి పైగా పరిశోధకులు కలిసి ‘బ్లూమ్’ తయారు చేశారు. ఫ్రాన్సు ప్రభుత్వం తన పెద్ద కంప్యూటర్ వాడుకోనిచ్చింది. అంటే అది జనం సొమ్ము. బ్లూమ్‌కు 46 భాషలు నేర్పారు. అందులో మన తెలుగూ ఉంది! కానీ చదివించిన దానిలో తెలుగు నూటికి ఒక్క వంతు కూడా లేదు. తెలుగులో దొరికిన రాత అంత తక్కువ.

పొదుపు సంఘంలో లెక్కల పుస్తకం చూపించమని అడుగుతాం కదా! ఇక్కడా అడగాలి. దీనికి ఏం చదివించారు? తప్పు చెబితే బాధ్యత ఎవరిది? లాభం ఎవరికి? కంపెనీ చేసినా, వలంటీర్లు చేసినా, అది నేర్చుకున్నది మనుషుల మాటలే. కాబట్టి అడిగే హక్కు మనకుంది.

చదవడం వచ్చింది. రాయడం వచ్చింది. ఇక అడగడం మొదలుపెడదాం.