బిడ్డను ఎత్తుకునే తీరిక కూడా మన హక్కే

(సావిత్రీబాయి ఫూలే జయంతినాడు వాడలో జరిగిన మహిళల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అమ్మలారా, అక్కలారా, చెల్లెళ్ళారా, పందిరి బయట నిలబడి బీడీలు కాలుస్తున్న అన్నలారా!

ఈ సభకు రమ్మని మేం ఇంటింటికీ తిరుగుతుంటే ఒక పెద్దమ్మ అడిగింది: ‘ఏందమ్మా పంతులమ్మా, మళ్ళీ ఏం గొడవ వచ్చింది?’ అని. ఆమె అడగడంలో తప్పులేదు. మన వాడలో మీటింగంటే ఎక్కడో ఏదో ఘోరం జరిగి ఉండాలి. 1985లో కారంచేడు, 1991లో చుండూరు తర్వాత మనకు సభలంటే అవే అలవాటయ్యాయి. ఏడవడానికో, ఎదిరించడానికో కూడుకుంటాం. ఇవాళ గొడవేమీ లేదు. బిడ్డల్ని పెంచడంలో ఉన్న సంతోషం గురించి మాట్లాడుకుందామని వచ్చాం. నవ్వుతున్నారు గదా! నవ్వండి. తల్లి సంతోషం అనే మాట మనకు నవ్వులాటగా ఎందుకు వినబడుతుందో అది కూడా మాట్లాడుకుందాం.

ఊళ్ళోవాళ్ళు తల్లిని దేవత అంటారు. బళ్ళో పిల్లలకు మాతృదేవోభవ అని మా చేతనే చెప్పిస్తారు. ఆ దేవత ఎవరి తల్లి? చేలో మన తల్లిని ‘ఒసే’ అని పిలిచేటప్పుడు ఆ మంత్రం ఎటు పోయింది? ఒకప్పుడు చాలా ఊళ్ళలో ఊరందరి కాన్పులూ చేసింది మన వాడల మంత్రసానులే. నొప్పులొచ్చిన రాత్రి మన ముసలమ్మ చేతికి అంటు లేదు. బొడ్డు కోసినప్పుడూ అంటు లేదు. పురుడు తీరి స్నానాలయ్యాక అదే చేతికి మళ్ళీ అంటు వచ్చింది, బియ్యం దూరం నుంచి కొంగులో కుమ్మరించారు! వాళ్ళ దేవత సంగతి వాళ్ళకే వదిలేద్దాం. మనకు దేవతలం కావాలని లేదు. మన బిడ్డల్ని మనం ముద్దాడుకునేంత తీరిక కావాలి.

సంక్రాంతి వస్తోంది, మిరప కోతలు ఊపందుకుంటాయి. పాలిచ్చే తల్లులు చేతులెత్తండంటే సిగ్గుపడతారు గానీ, మీలో చాలామంది ఉన్నారని మాకు తెలుసు. తెల్లారకముందే ఆటో ఎక్కుతారు, ట్రాక్టరెక్కుతారు. చంటిబిడ్డను ముసలామెకో, ఎనిమిదేళ్ళ అక్కకో అప్పజెబుతారు. పొద్దంతా పాలు చేపుతుంటాయి. జాకెట్టు తడుస్తుంది, పైన కొంగు కప్పుకుంటారు. చాటుకు పోయి పాలు పిండి నేలపాలు చేసి మళ్ళీ సాలులోకి వస్తారు. పొద్దుగూకి ఇంటికొస్తే బిడ్డ చేతులు చాపుతుంది. ఎత్తుకోలేరు. చేతులు కారం! నీళ్ళతో కడిగితే పోయే మంట కాదది. మజ్జిగ పోసుకుంటారు, నూనె రాసుకుంటారు, బూడిద రుద్దుకుంటారు. అంతసేపూ బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటుంది.

అప్పుడు ఆ తల్లి ఏం చేస్తుందో వాడల్లో తిరిగేటప్పుడు మేం చూశాం. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, వంగి, తలతో బిడ్డ పొట్ట మీద గిలిగింత పెడుతుంది. ఏడుపు మధ్యలో బిడ్డ కిలకిలా నవ్వుతుంది. తల్లీ నవ్వుతుంది. బిడ్డల పెంపకం మీద రాసిన ఏ పుస్తకంలోనూ ఈ ఆట మాకు కనబడలేదు. మిరప చేల తల్లులు కనిపెట్టుకున్న ఆట ఇది. పది పన్నెండు గంటలు వంగిన నడుముతో ఇంటికొచ్చి, మండే చేతులతో, ఇంకా పొయ్యి వెలిగించకుండానే ఒక బిడ్డను నవ్వించిన మనిషిని ఏమీ తెలియని దానివి అంటే ఎట్టా ఒప్పుకుంటాం?

మా వంటి వాళ్ళం, అంటే ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చినవాళ్ళం, అట్టాంటి తల్లుల చేతుల్లోనే పెరిగాం. మా పుట్టినరోజు ఏదని అడిగితే అమ్మకు తేదీ తెలియదు. ‘ఉప్పెన వచ్చిన మరుసటేడు, కోతలప్పుడు’ అనేది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. మరి బడి రిజిస్టరులో చూస్తే జూన్ 1! ఎవరో మేష్టారు తనకు తోచింది రాసుకున్నారు. మా ఈడు వాళ్ళలో వాడల పిల్లలు ఎంతమంది జూన్ 1న, జులై 1న పుట్టారో లెక్క తీస్తే కడుపుబ్బ నవ్వాల్సిందే. తేదీ తెలియకపోతేనేం, ఆ రోజు ఎవరి చేలో ఏ పని జరిగిందో, ఎవరు గంజి తెచ్చిచ్చారో, మేం పుట్టగానే తుమ్మామో ఏడ్చామో అన్నీ చెప్పేది. జోలపాటలో రాముడు, కృష్ణుడు ఉంటారని మేం బళ్ళోకి పోయాకే తెలిసింది. మా అమ్మల జోలలో మేనమామ తెచ్చే గౌను, మేస్త్రి ఎగ్గొట్టిన కూలి, మర్నాటికి నూకలు ఎట్టా అనే బెంగ, అన్నీ ఒకే రాగంలో వచ్చేవి. మేం హాయిగా నిద్రపోయేవాళ్ళం.

బస్సు మీద ఊరి పేరు మేం గట్టిగా చదివి చెప్పిన రోజు ఆ అమ్మలు పక్కనున్న వాళ్ళందరి మొహాలూ చూశారు. ఇవాళ మీ పిల్లలు అట్టా చదువుతున్నారు. బళ్ళో తల్లుల మీటింగు పెడితే ‘మాకేం తెలుసమ్మా’ అంటూ గుమ్మం దగ్గరే నిలబడతారు. లోపలికి రండి, బెంచీ మీద కూర్చోండి. మీ బిడ్డ పేరు మీ ముందే బోర్డు మీద రాయిస్తాం. చూడండి, ఆ రోజు కూలి పోయినా బాధనిపించదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మనకు సంతోషం తెలియక కాదు. సంతోషపడే వేళను మన దగ్గర్నుంచి గుంజుకున్నారు. బాబాసాహెబ్ ఈ సంగతి 1928లోనే బొంబాయి శాసనమండలిలో మాట్లాడాడు. మిల్లుల్లో పనిచేసే తల్లికి కాన్పుకు ముందూ వెనకా విశ్రాంతి దొరకడం దేశానికే మేలనీ, ఆ భారంలో కొంత ప్రభుత్వమూ మోయాలనీ వాదించాడు. 1929లో బొంబాయి రాష్ట్రంలో చట్టం వచ్చింది, 1961లో దేశమంతటికీ వచ్చింది. ఆ పుణ్యాన మా వంటి సర్కారు టీచర్లకు 180 రోజులు జీతంతో సెలవు. మరి మిరప చేలో తల్లికి? ఇరవయ్యో రోజునే కొంగు బిగించింది. ఆమెకు సెలవిచ్చే యజమాని ఎవరు? రోజుకొక చేను, రోజుకొక ఆసామి!

2013 ఆహార భద్రతా చట్టంలో గర్భిణికీ, బాలింతకూ 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని రాశారు. 2017లో పథకం పెట్టేసరికి మొదటి కాన్పుకు 5,000 అన్నారు. తర్వాత రెండో కాన్పులో ఆడపిల్ల పుడితేనే అని కలిపారు. ఆధార్, బ్యాంకు ఖాతా, కార్డు అంటూ తిరిగే తిప్పట మీకు మేం చెప్పేదేముంది! 2005 ఉపాధి హామీ చట్టంలో ఇంకో మాట రాశారు. పని దగ్గరికి ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి వస్తే, వాళ్ళను చూసుకోను ఒక ఆడమనిషిని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని. మన చెరువు పనుల్లో అట్టా కూలి తీసుకున్న ఆమె ఎవరైనా ఉంటే లేచి చెప్పండి... లేరు. కానీ బిడ్డను చూసుకోవడం కూడా పనేనని, దానికీ కూలి ఉంటుందని ప్రభుత్వం చేతనే కాగితం మీద రాయించిన మాట అది. దాన్ని మనం మర్చిపోకూడదు.

అంగన్‌వాడీ ఉంది గదా అంటారు. 1975 నుంచి ఆ పథకం ఉంది. అక్కడ కూర్చోబెట్టేది మూడేళ్ళు నిండిన పిల్లల్ని. చంటిబిడ్డకు ఇంటికే పిండి ఇస్తారు. తల్లి చేను దిగి వచ్చే వేళకు ఆ తలుపు ఎప్పుడో మూసి ఉంటుంది. అందుకని ఏం జరుగుతుంది? ఎనిమిదేళ్ళ అక్క చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుంటుంది. సంక్రాంతి పోయాక మా రిజిస్టరులో ఆడపిల్లల పేర్ల ఎదురుగా గైర్హాజరీలు వరసగా పడతాయి. రెండు నెలలు తమ్ముణ్ణి మోసిన పిల్ల వేసవి సెలవుల తర్వాత మళ్ళీ బడికి రావడానికి సిగ్గుపడుతుంది. తల్లికి దక్కని తల్లితనం ఆ పసిపిల్ల నెత్తిన పడుతోంది. ఆమెను తల్లిని చేశాం, చదువుకునే పిల్లను లేకుండా చేశాం.

సావిత్రీబాయి 1848లో భర్త జ్యోతిరావుతో కలిసి పుణెలో ఆడపిల్లలకు బడి పెట్టింది. పేడ విసిరితే చీర మార్చుకుని పాఠం చెప్పింది. ఇది మీకు తెలుసు. ఆమెకు కడుపున బిడ్డలు లేరు. దిక్కులేని వితంతువులు కాన్పుకు వస్తే ఇంట్లో చోటిచ్చింది, అట్టాంటి ఒక బ్రాహ్మణ వితంతువు బిడ్డ యశ్వంత్‌ను 1874లో దత్తు తీసుకుని డాక్టరును చేసింది. ఏ కులం బిడ్డ అని చూడలేదు. 1897లో ప్లేగు వచ్చినప్పుడు రోగంతో పడి ఉన్న ఒక మహర్ బిడ్డను వీపున మోసుకుని యశ్వంత్ దవాఖానాకు తెచ్చింది. ఆ ప్లేగు తనకూ సోకి మార్చి 10న చనిపోయింది. కనని బిడ్డలకు తల్లి అయిన మనిషి పేరున ఇవాళ మనం కూర్చున్నాం. అందుకని పిల్లలు లేని అక్కలు, కాన్పులు పోగొట్టుకున్న చెల్లెళ్ళు ఈ మాటలు తమవి కావనుకోవద్దు. వాడలో ఏ బిడ్డ ఏడ్చినా ముందు పరుగెత్తేది ఎవరో మనకు తెలుసు.

మన సంఘంలోనే కొందరు అన్నలు అన్నారు: భూమి సమస్య ఉంది, కేసులున్నాయి, ఇప్పుడు పిల్లల ముచ్చట్లు ఏందని. అన్నలారా, ధర్నాకు ఆడవాళ్ళు రాలేదని గునుస్తారు గదా! బిడ్డను ఎవరు పట్టుకుంటే వస్తారు? బీడీ పట్టుకున్న చెయ్యి బిడ్డను పట్టుకోలేదా? నవ్వకండి, బీడీ పారేసి చెప్పండి.

కాబట్టి ఈ కోతలకు ఒక పని చేద్దాం. కమ్యూనిటీ హాలు తాళం చెవి సర్పంచి దగ్గర ఉంది, రేపు పదిమందిమి కలిసి పోయి అడుగుదాం. పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం దాకా ఇద్దరు పెద్దమ్మలు పిల్లల దగ్గర ఉండాలి. వాళ్ళకు ఊరికే కాదు, ఒక్కొక్క తల్లీ తన కూలిలో కొంత తీసి ఇవ్వాలి. ఎంతనేది మీరే తేల్చండి. వాడలో మూడు ఆటోలున్నాయి. దగ్గర చేలల్లో ఉన్న బాలింతల్ని మధ్యాహ్నం కూడు వేళకు తెచ్చి, పాలిచ్చాక మళ్ళీ దింపాలి. ఆ అరగంటకు కూలి కొయ్యకూడదని మేస్త్రులతో ఇవాళే ఒప్పించాలి, ముగ్గురు మేస్త్రులూ ఇక్కడే ఉన్నారు. హాల్లో ఒక బకెట్ నీళ్ళు, ఒక గిన్నెడు మజ్జిగ, కొబ్బరినూనె సీసా పెట్టిస్తాం, వచ్చిన తల్లి ముందు చేతులు కడుక్కోను. నూనె సీసా ఖర్చు మా టీచర్లది.

చంటిబిడ్డలున్న వాళ్ళు, బడి మానిన అక్కలున్న ఇళ్ళవాళ్ళు లేవకండి. ఇదిగో నోటుబుక్కు. బిడ్డ పేరు, నెలలు చెప్పండి, రాసుకుంటాం. తేదీ తెలియకపోతే ఏ చేలో ఏ పని జరుగుతుండగా పుట్టిందో చెప్పండి, అట్టాగే రాస్తాం.