సంతకం పెట్టిన తీర్మానాన్ని మళ్లీ అడుగుదాం

(కమ్మర్‌పల్లిలో మహిళా వార్డు సభ్యులు, సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పసుపు పనులు, బీడీల పని వదిలి మీరంతా ఇక్కడికి వచ్చారు. ఒక పూట కూలి పోగొట్టుకుని వచ్చిన వారికి ఉత్త మాటలు చెప్పి పంపకూడదు. అందుకే నా సొంత తప్పుతో మొదలుపెడతాను.

1995లో, 73వ రాజ్యాంగ సవరణ తర్వాత మన రాష్ట్రంలో జరిగిన మొదటి పంచాయితీ ఎన్నికల్లో నేను వార్డు మెంబరునయ్యాను. మహిళలకు మూడో వంతు స్థానాలు వచ్చిన ఎన్నికలవి. ఒకనాడు కారోబారు తీర్మానాల పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చాడు. "అందరు పెట్టిన్రక్కా, నీదొక్కటే తక్కువున్నది" అన్నాడు. నేను పొయ్యి దగ్గరున్నాను. చేతులు తుడుచుకుని సంతకం పెట్టాను. పైన సగం పేజీ ఖాళీగానే ఉంది.

ఎండాకాలంలో దళితవాడ ఆడవాళ్లు బిందెలతో వచ్చి "మా బోరు ఏదక్కా?" అని అడిగారు. వాడకు పడాల్సిన బోరు ఒక పెద్దమనిషి ఇంటి పక్కన పడింది. ఎవరు ఒప్పుకున్నారని పుస్తకం తెరిపిస్తే అందులో నా సంతకం ఉంది. మీటింగులో అడిగితే "అయిపోయిన దాన్ని మళ్ల తవ్వుడెందుకు?" అన్నారు. ఆ వాడ ఆడవాళ్లు ఇంకో రెండు ఎండాకాలాలు దూరం నుంచి నీళ్లు మోశారు.

ఆ మోసం ఎవరు చేశారన్నది ఇవాళ నా ప్రశ్న కాదు. తాను తీసుకున్న నిర్ణయాన్ని తానే తిరిగి చూసుకునే అలవాటు మన పంచాయితీకి ఎందుకు లేదన్నదే నా ప్రశ్న. తీర్మానం రాయడంతోనే పని అయిపోయిందనుకుంటున్నాం. అది అమలైందా, ఎవరికి మేలు జరిగింది, ఎవరికి నష్టం జరిగింది అని అడిగే రోజంటూ ఒకటి లేదు.

చట్టంలో దారి లేక కాదు. రాజ్యాంగం 243ఎ అధికరణం గ్రామసభను గుర్తించింది. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలంటుంది. మహిళలకు సగం స్థానాలిచ్చింది. అయినా చాలా ఊర్లలో గ్రామసభంటే నలుగురు కూర్చుని చదివేది, మిగతావారు నిలబడి వినేది.

రాజస్థాన్‌లో పేద కూలీలు మరో దారి చూపారు. 1994 డిసెంబరులో పాలి జిల్లా కోట్ కిరానాలో పనుల కాగితాలను జనం మధ్య చదివించారు. కాగితంలో ఉన్నదేదో, ఊర్లో జరిగిందేదో జనమే తేల్చారు. ఆ పోరాటాల బాటలోనే 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టం సామాజిక తనిఖీని గ్రామసభ చేతికిచ్చింది. మన ఉమ్మడి రాష్ట్రం 2006 నుంచే ఆ తనిఖీలు మొదలుపెట్టి దేశానికి దారి చూపింది. చదువురాని కూలి తల్లి కూడా లెక్క అడగగలదని అప్పుడు రుజువైంది.

ఈ ప్రాంతంలో ఇంకొక మాట దాచకుండా మాట్లాడుకోవాలి. గ్రామాభివృద్ధి కమిటీలు. గుళ్లు కట్టించాయి, బావులు బాగుచేయించాయి, నిజమే. కానీ జరిమానాలు వేసి, కుటుంబాలను వెలివేసిన వార్తలు ఈ జిల్లా నుంచి ఎన్నిసార్లు రాలేదు? వెలి పడితే బాధ ఎవరికి? మగవాడు గల్ఫ్‌లో ఉంటే ఇక్కడ కిరాణం దొరకక, కూలికి పిలిచేవారు లేక, పిల్లలతో ఒంటరిగా మిగిలేది ఆడమనిషే. ఎన్నిక లేని చోట, ఆడవాళ్లను కూర్చోనివ్వని చోట తీర్పు చెబితే దాన్ని తిరిగి ఎక్కడ అడగాలి? ఎంత బలహీనమైనదైనా పంచాయితీకి ఒక పుస్తకం ఉంది. పుస్తకం ఉన్నచోట ప్రశ్నకు చోటుంటుంది. ఊరి నిర్ణయాలు పంచాయితీలోకి, గ్రామసభలోకి రావాలని మనం పట్టుబట్టేది అందుకే.

మరి ఏం చేద్దాం? నాకు తోచినవి చెబుతాను.

ఒకటి, ప్రతి మీటింగులో కొత్త విషయం ఎత్తక ముందు పాత తీర్మానాలు చదివించాలి. ఏది అయింది, ఏది ఆగింది, ఎంత ఖర్చయింది అన్నది రాయించాలి.

రెండు, తీర్మానంలో కారణం కూడా ఉండాలి. ఈ వాడకే ఎందుకు, ఆ వాడకు ఎందుకు కాదు అన్నది లేకుంటే రేపు దేన్ని పరిశీలిస్తాం?

మూడు, ఒప్పుకోని వారి మాట పుస్తకంలోకి ఎక్కాలి. "నేను కాదన్నాను" అని నోటితో అంటే గాలికి పోతుంది.

నాలుగు, పనిలో తనకో, తన చుట్టాలకో లాభముంటే ఆ మెంబరు ముందే చెప్పి పక్కకు తప్పుకోవాలి.

అయిదు, ఖాళీ పేజీ మీద, ఇంటికి తెచ్చిన పుస్తకం మీద సంతకం పెట్టొద్దు. మన బదులు భర్తనో, కొడుకునో మీటింగుకు పంపొద్దు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. పరిశీలన పేరుతో దళిత మహిళా సర్పంచినే నిలదీసి, ఆమె ముందున్న దొరను ఏనాడూ లెక్క అడగని ఊర్లను నేను చూశాను. అది పరిశీలన కాదు, కక్ష. కుర్చీలో ఎవరున్నా అవే ప్రశ్నలు, అదే పుస్తకం ఉండాలి. మనం గెలిచిన చోట కూడా మనల్ని అలాగే అడగనివ్వాలి.

2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. 2025 డిసెంబరు ఎన్నికలతో కొత్త పాలకవర్గాలు వచ్చాయి. మీలో చాలామంది మొదటిసారి ఆ పుస్తకం చూస్తున్నారు. రేపటి మీటింగులో ఒక్క మాట అనండి: "పోయినసారి రాసింది ముందు చదవండి." మొదట నవ్వుతారు, తర్వాత విసుక్కుంటారు. మూడోసారికి కార్యదర్శి మీరు అడగకముందే పేజీ తిప్పుతాడు.

ఆనాడు నేను ఆ మాట అనలేకపోయాను. మీరు అనండి.