జాగ్రత్త అంటే చాలునా?

ఉదయం ఎనిమిదిన్నర వేళ మన ఇళ్ళల్లో ఎలా వుంటుందో నేను వేరే చెప్పాలా? ఇటు క్యారేజీకి మూత బిగిస్తూ, అటు అమ్మాయి జడకి రిబ్బను కడుతూ, మధ్యలో అబ్బాయి రెండో సాక్సు ఏ మంచం కింద వుందో కూడా మనమే చెప్పాలి. తీరా పిల్లలు గుమ్మం దాటుతుంటే వెనకనుంచి ఒక్క కేక వేస్తాం: "జాగ్రత్త నాన్నా! అటూ ఇటూ చూసి దాటు!" అని. ఆ మాట అనేశాక మన బాధ్యత తీరిపోయినట్టే లోపలికి వెళ్ళిపోతాం.

నేనూ ఏళ్ళ తరబడి అలాగే అన్నాను. ఆ మాట ఒక్కటే చాలదని కిందటేడు శ్రావణమాసంలో తెలిసొచ్చింది.

మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒక కుర్రాడున్నాడు. రెండో తరగతి. నెమ్మదైన పిల్లవాడు, తల్లి చెప్పినట్టే రోడ్డు వారనే నడుస్తాడు. ఆ రోజు బడి గేటు ఇంకా పది అడుగులుందనగా, ఆగివున్న వ్యాను చాటునుంచి ఇవతలికి వచ్చాడు. వస్తున్న స్కూటరు తగిలి పడిపోయాడు. కాలు విరిగింది. ఆరు వారాలు కట్టుతో మంచం మీద వున్నాడు. దేవుడి దయవల్ల అంతటితో పోయింది.

ఇంతకీ ఆ స్కూటరు నడుపుతున్నది ఎవరనుకున్నారు? తాగినవాడూ కాదు, ఆకతాయీ కాదు. మనలాంటి తల్లే! గంట కొట్టేలోపల తన కూతుర్ని దింపాలని ఆదుర్దాగా వస్తోంది. ఆసుపత్రి వరండాలో పిల్లవాడి తల్లికంటే ఆవిడే ఎక్కువ ఏడ్చింది.

ఆ వరండాలో కూర్చుని తప్పెవరిదా అని ఆలోచించాను. పిల్లవాడు చూసుకోలేదందామా? వాడి ఎత్తు మూడున్నర అడుగులు. వ్యాను అవతల ఏముందో వాడికెలా కనబడుతుంది? ఆవిడదందామా? పక్కనుంచి పిల్లవాడు వస్తాడని ఆవిడకెలా తెలుస్తుంది? వ్యాను అడ్డంగా నిలిపిన డ్రైవరుదా? గేటు తిన్నగా రోడ్డు మీదికే పెట్టినవారిదా? కాలిబాట మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు నిలబెట్టినవారిదా? మిగిలిన కాలిబాట మీద మోటారు సైకిళ్ళు పెట్టుకుంటున్న మనవాళ్ళదా? తిలాపాపం తలా పిడికెడు అంటారే, అలా వుంది.

ఒక్కటి మటుకు నిజం. ఇందులో అందరికంటే తక్కువ పాపం ఆ పిల్లవాడిది. కాలు విరిగింది వాడిది.

స్వీడన్ దేశంలో స్టీనా శాండెల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలోనే చిన్నపిల్లలు రోడ్డు మీద ఎలా మసలుకుంటారో పరిశోధించి, 1968లో పుస్తకంగా వేశారు. ఆవిడ తేల్చిందేమిటంటే, ఎంత నేర్పినా చిన్నపిల్లలు పెద్దవాళ్ళలా రోడ్డుకి అలవాటు పడలేరు. రోడ్డునే పిల్లలకి తగ్గట్టు మార్చాలి అని. వచ్చే బండి ఎంత వేగంగా వస్తోందో, ఎంత దూరంలో వుందో అంచనా కట్టే శక్తి ఆ వయసులో సరిగా వుండదు. బంతి దొర్లితే బంతి వెనకే పరుగు. మనం ఎన్ని జాగ్రత్తలు చెప్పినా పిల్లలు పిల్లలే కదా!

ఇక వేగం సంగతి. గంటకి 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో ఎనిమిది మీటర్లు దాటిపోతుంది. 60 అయితే దాదాపు పదిహేడు మీటర్లు. పిల్లవాణ్ణి చూసి బ్రేకు నొక్కేలోపల గడిచే దూరం అది. పైగా వేగం రెట్టింపైతే, బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. అందుకే 2020లో స్టాక్‌హోంలో జరిగిన ప్రపంచ రహదారి భద్రతా మహాసభ, మనుషులూ వాహనాలూ కలగలిసి తిరిగే చోట 30 కిలోమీటర్లకి మించకూడదని చెప్పింది. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వారిలో 32,825 మంది కాలినడకన పోయేవారే.

ఇదంతా మన ఖర్మ అని వూరుకుందామా? వూరుకోని తల్లిదండ్రుల కథ ఒకటి చెబుతాను వినండి.

హాలండు అనగానే మనకి సైకిళ్ళ దేశమని గుర్తొస్తుంది. అక్కడ మొదటినుంచీ అలాగే వుందనుకుంటాం. కాదు. 1950, 60లలో వాళ్ళూ కార్ల మోజులో పడ్డారు. రోడ్లు వెడల్పు చేశారు, సైకిళ్ళని పక్కకి నెట్టారు. 1971లో ఆ చిన్న దేశంలో మూడువేల మందికి పైగా రోడ్డు ప్రమాదాల్లో చనిపోతే, అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలే. ఆ పిల్లల్లో ఒకరి తండ్రి విక్ లాంగెన్‌హోఫ్, పత్రికా విలేఖరి. ఆయన కడుపుమంటతో 1972లో తన పత్రికలో ఒక వ్యాసం రాశారు. "ఈ శిశుహత్య ఆపండి" అన్నది దాని శీర్షిక. ఆ మాటే తర్వాత ఒక వుద్యమానికి పేరయింది. దానికి మొదటి అధ్యక్షురాలు ఎవరు? మార్ట్యె ఫాన్ పుట్టెన్ అనే ఒక యువతి, ఆమ్‌స్టర్‌డాంలో చిన్నపిల్లల తల్లి.

వాళ్ళేం చేశారో చూడండి. ప్రమాదాలు జరిగిన చోట్లకి వెళ్ళి రోడ్డు మీద కూర్చున్నారు. సైకిళ్ళ మీద వూరేగింపులు తీశారు. వీధి మధ్యలో బల్లలు వేసి ఇరుగుపొరుగంతా కలిసి భోజనాలు చేశారు. ప్రధానమంత్రి డెన్ ఉయిల్ గారింటి ముందుకి వెళ్ళి పాటలు పాడి, పిల్లలకి భద్రమైన వీధులు కావాలని అడిగారు. ఆయన బయటికి వచ్చి విన్నారట. 1973లో పెట్రోలు కరువొచ్చి ఆదివారాలు కార్లు బంద్ చేసేసరికి, కార్లు లేని వీధి ఎంత హాయిగా వుంటుందో జనానికీ తెలిసింది.

కేకలు వేసి వూరుకోలేదు వాళ్ళు. వీధి ఎలా వుండాలో తామే ఆలోచించి చూపించారు. డెల్ఫ్ట్ పట్నంలో, ఇళ్ళున్న వీధుల్లో రోడ్డుని వంపులు తిప్పి, చెట్లూ బెంచీలూ పెట్టి, బండి మనిషి నడక వేగంతోనే పోయేలా చేశారు. 1976లో దానికి చట్టం కూడా వచ్చింది. 2010 నాటికి ఆ దేశంలో ఏడాదికి రోడ్డు మీద పోయే పిల్లల సంఖ్య ఇరవై లోపుకి దిగింది.

"వాళ్ళకి డబ్బుంది, జాగా వుంది, మన ఇరుకు సందుల్లో ఇవన్నీ సాగుతాయా?" అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. కాని వాళ్ళు మొదలుపెట్టింది డబ్బుతో కాదు, భోజనాల బల్లతో. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మేం మా వీధితో మొదలుపెట్టాం.

మేం అయిదుగురు ఆడవాళ్ళం ఒక నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకుని ఒక ఉదయం పిల్లలతో కలిసి బడికి నడిచాం. ఎక్కడ భయమేస్తుందో మమ్మల్ని కాదు, పిల్లల్ని అడిగాం. చెప్పొద్దూ, సిగ్గనిపించింది! పెద్ద రోడ్డు దాటడం గురించి చెబుతారనుకుంటే, మురికి కాలవ మీద పలక విరిగిన చోటు, కుక్కలుండే చెత్తకుండీ, గోడ మూల మలుపు చూపించారు. రోజూ నేను నడిచే దారే, నా కంటికి ఆనలేదు. వచ్చి ఒక కాగితం మీద దారి గీసి ఏడుచోట్ల ఎర్ర చుక్కలు పెట్టాం.

ఆ ఏడింటినీ మూడు వాటాలు వేశాం. మనం మాటతో సర్దగలిగేవి కొన్ని. బడివారు చేయవలసినవి కొన్ని. మునిసిపాలిటీవారూ పోలీసువారూ చేయవలసినవి కొన్ని.

మాటతో సర్దేది మొదట టిఫిన్ హోటలు. దాని ముందు బళ్ళు నిలిపితే పిల్లలు రోడ్డు మధ్యకి దిగాలి. అడిగితే "అమ్మా, అది నా బేరం వేళ!" అన్నాడాయన. నిజమే. చివరికి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదింటి దాకా గోడవారన మూడడుగులు వదిలేటట్టు తాడు కట్టాడు. గేటు దగ్గర జామకాయల బండి తీసెయ్యాలన్నారు కొందరు. నేను వద్దన్నాను. రోజంతా ఆ గేటుని కనిపెట్టుకుని వుండేది ఆవిడ ఒక్కర్తే. బండి పదడుగులు పక్కకి జరిపితే సరిపోయింది.

బడివారు చిన్నపిల్లలకి పక్క సందులోని గేటు తెరిచారు. స్కూటర్లూ కార్లూ గేటుదాకా రాకుండా, కాస్త ముందున్న గుడి ఖాళీస్థలంలో ఆగాలన్నారు. దీనికి అందరికంటే ఎక్కువ గొణిగింది ఎవరనుకున్నారు? మనమే! "మా వాడికి సంచీ బరువు" అని. వందడుగులు నడిస్తే అరిగిపోతారా?

మూడోది కష్టం. మొదట ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోవాలి. మునిసిపాలిటీదా, పంచాయతీదా, రోడ్లు భవనాల శాఖదా, జాతీయ రహదారివారిదా? తెలియకపోతే మన అర్జీ ఒక బల్లమీదనుంచి ఇంకో బల్లమీదికి తిరుగుతూనే వుంటుంది. అర్జీలో "చాలా ఇబ్బందిగా వున్నది" అని రాస్తే లాభం లేదు. ఫలానా స్తంభం నుంచి ఫలానా స్తంభం దాకా, ఇన్ని అడుగులు, ఇంతమంది పిల్లలు అని రాసి, గీసిన పటం జతచేసి, రసీదు తీసుకోవాలి. మనకి నిబంధనలు లేక కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో వేసిన నిర్దేశాల ప్రకారం కాలిబాట మీద అడ్డంకులు లేని నడక జాగా కనీసం 1.8 మీటర్లు, అంటే ఆరడుగులు వుండాలి. దాని ఎత్తు ఆరంగుళాలకి మించకూడదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, రోడ్డు ప్రమాణాలు పాటించక ప్రాణహానో అంగవైకల్యమో కలిగితే దానికి బాధ్యులైన అధికారులకీ కంట్రాక్టర్లకీ లక్ష రూపాయల దాకా జరిమానా పెట్టారు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, కాలిబాట మీద అడ్డు లేకుండా నడవడం కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పింది.

మా అర్జీ ఏమైందంటారా? కాలవ మీద పలక నెలలో వేశారు. రోడ్డు దాటేచోట తెల్లచారలు రెండు నెలలకి గీశారు. మరో రెండు నెలలకి రోడ్డు మళ్ళీ వేస్తే చారలు తారు కిందికి పోయాయి! మళ్ళీ అర్జీ ఇచ్చాం. ట్రాన్స్‌ఫార్మరు ఇంకా అక్కడే వుంది. నేను అబద్ధం చెప్పను.

అర్జీల పని అవుతూ వుంటుంది, ఈలోపల పిల్లలు రోజూ బడికి పోవాలి కదా. జపానులో చాలాచోట్ల పిల్లలు పేటల వారీగా గుంపు కట్టి, పెద్ద తరగతివాడు ముందూ చిన్నవాళ్ళు వెనకా నడిచి బడికి పోతారు. ఆ పద్ధతి మాకు నచ్చింది. మా వీధిలో పన్నెండుమంది పిల్లలు. వారానికి ఒక్కో రోజు ఒక్కో తల్లి. కాలిబాట లేనిచోట కుడివైపున నడిపిస్తాం, ఎదురొచ్చే బండి కనబడేటట్టు. అలా నడిస్తే ఒక్కొక్కరికి వారంలో ఒక్క ఉదయమే పని. మిగతా నాలుగైదు రోజులు మనకి మిగులే!

ఇంకొక్క మాట, ఆడపిల్లల సంగతి. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్ళ పథకం పెడితే, హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య బాగా పెరిగిందని ఆర్థికశాస్త్రవేత్తలు లెక్కతేల్చారు. మన రాష్ట్రాల్లోనూ ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చారు. కాని సైకిలిచ్చి దారి ఇవ్వకపోతే ఏం లాభం? మా పక్కవీధిలో ఒకమ్మాయి సైకిలు, లారీ ఒరుసుకుపోయిన రోజునుంచి మేడమెట్ల కింద పడివుంది. తండ్రి వద్దన్నాడు. ట్యూషను మానేసింది. రోడ్డు బాగాలేకపోతే విరిగేవి కాళ్ళే కాదమ్మా, చదువులు కూడా.

మనవంతు తప్పు కూడా దిద్దుకోవాలి. పదో తరగతి అబ్బాయికి స్కూటరు తాళాలిచ్చి "వెళ్ళి పాలపాకెట్టు పట్రా" అనడం మానాలి. 2019 సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకి మూడేళ్ళదాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. చట్టం మాట అటుంచి, ఎదురుగా వచ్చేది ఇంకొకరి బిడ్డ అని గుర్తుంచుకుంటే చాలు.

ఇక సెలవు తీసుకునేముందు ఒక సంగతి. కాలు విరిగిన మా కుర్రాడు కట్టు విప్పాక కొన్నాళ్ళు గేటు దాటనన్నాడు. ఇప్పుడు మా వరసలో నడుస్తున్నాడు. మంగళవారాలు వాళ్ళని తీసుకెళ్ళేది ఎవరో చెప్పనా? ఆ రోజు స్కూటరు నడిపినావిడే. పిలవకుండా ఆవిడే వచ్చి, "నాకూ ఒక రోజు ఇవ్వండి" అని అడిగింది. వాడు ఆవిడ చెయ్యి పట్టుకునే రోడ్డు దాటుతాడు.

రేపు ఉదయం మీరూ "జాగ్రత్త" అనండి. అని లోపలికి వెళ్ళిపోకండి. చెప్పులు వేసుకుని వాళ్ళ వెనకే ఆ దారి చివరిదాకా ఒక్కసారి నడిచి రండి.