కణం వాకిలికి పట్టే చిలుము



ఇత్తడి చెంబు నాలుగు రోజులు తోమకుండా ఉంచితే నల్లబడుతుంది. కాస్త చింతపండు పట్టించి తోమితే మళ్ళీ తళతళలాడుతుంది. ఇనుప మూకుడు సంగతి అలా కాదు. తుప్పు తిని చిల్లి పడిందంటే ఎంత తోమినా అది పూడదు. రెండింటిలోనూ గాలిలోని ఆక్సిజన్ చేయి ఉంది. దీన్నే ఆక్సీకరణం అంటారు. ఇలాంటి మార్పులు రెండూ మన ఒంట్లోనూ జరుగుతాయంటే ఆశ్చర్యంగా లేదూ?

మన జీవకణాల్లో మైటోకాండ్రియా అనే బుల్లి వంటిళ్ళున్నాయి. తిన్న తిండినుంచి శక్తి తయారయ్యేది చాలావరకు అక్కడే. వీటికి రెండు పొరలుంటాయి. వెలుపలి పొరలో మాంసకృత్తులతో ఏర్పడిన సన్నని ద్వారాలున్నాయి. వాటి పేరు వీడాక్. ముడిసరుకు లోపలికి పోవాలన్నా, తయారైన ఏటీపీ అనే శక్తిపదార్థం బయటికి రావాలన్నా ఇదే వాకిలి. 1976లో అమెరికాలో షైన్, కొలంబీని, ఫింకెల్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞులు దీన్ని పారమీషియం అనే సూక్ష్మజీవిలో కనుగొన్నారు. 2008లో దాని రూపం తేలింది. 19 పట్టీలు చుట్టూ నిలిపి కట్టిన, మూతా అడుగూ లేని పీపాలాగా ఉంటుందట.

పొయ్యి వెలిగించాక సెగ తగలకుండా ఉంటుందా? శక్తి తయారయ్యేటప్పుడు కొంత ఆక్సిజన్ చురుకైన రూపాల్లోకి మారుతుంది. ఆ సెగ ఈ ద్వారాలకూ తగులుతుంది. ముఖ్యంగా వాటిలో సిస్టీన్ అనే గంధకం గల భాగాలకు ఇట్టే సోకుతుంది. మనలో ఈ ద్వారాలు మూడు రకాలు. మొదటి రకంలో సిస్టీన్లు 2, రెండవదానిలో 9, మూడవదానిలో 6.

సెగ కొద్దిగా తగిలితే రెండు సిస్టీన్లు ఒకదానికొకటి గొలుసులా తగులుకుంటాయి. మూడవ రకంలో ఈ గొలుసు పడితే దారి సరిగా తెరుచుకోదని ప్రయోగాల్లో తేలింది. అయినా ఫరవాలేదు, ఇలాంటి గొలుసులను ఊడదీసే పదార్థాలు కణంలో ఉన్నాయి. కణానికి అవే చింతపండు! సెగ మరీ ఎక్కువైతే సిస్టీన్ మూడు ఆక్సిజన్ పరమాణువులను పట్టుకొని సల్ఫానిక్ ఆమ్లంగా మారిపోతుంది. అది మూకుడు చిల్లివంటిది. ఇక వెనక్కు రాదు. ఆ మాంసకృత్తును తీసేసి కొత్తది చేసుకోవలసిందే.

ఇంకో విశేషం. ఆ గొలుసు పడటం, ఊడటం వల్ల లోపల సెగ ఎంతుందో కణానికి తెలుస్తుందని కొందరు శాస్త్రజ్ఞుల ఆలోచన. అంటే కుక్కరు ఈలలాంటిదన్నమాట. వినడానికి చిరాకని ఈలను నొక్కిపెడతామా?

అందుచేత ఆక్సీకరణాన్ని అరికట్టే మాత్రలని ప్రకటన కనబడగానే ఇంటిఖర్చు డబ్బు తీసి కొనేయకండి. ఫిన్లాండులో పొగతాగే మగవారికి బీటా కెరోటిన్ మాత్రలిచ్చి చూసిన ఫలితాలు 1994లో వెలువడ్డాయి. ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా 18 శాతం ఎక్కువైంది! ఆ మాత్రలు ఈ ద్వారాలకోసం ఇచ్చినవి కావు, నిజమే. కాని ఆక్సీకరణం అనగానే అణిచెయ్యాలనే తొందర మంచిది కాదని మాత్రం తెలిసివచ్చింది.

అదే బీటా కెరోటిన్ ఉన్న మునగాకు, తోటకూర, క్యారెట్ నిశ్చింతగా వండుకోండి. మాత్రలంటారా, డాక్టరుగారు చెబితేనే సుమండీ.