కనిపించని వాతలు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి ఏ సందులోకి తిరిగినా కోచింగ్ బోర్డులే, హాస్టల్ బోర్డులే. చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ దాకా ఇదే వరస. నల్లగొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి పిల్లలు సంచులు సర్దుకుని ఇక్కడికే వస్తారు.

ఇక్కడైనా, బడిలోనైనా హింస అనగానే బెత్తం గుర్తొస్తుంది. విద్యాహక్కు చట్టం 2009లోనే బడిలో ఆ బెత్తాన్ని వద్దంది. మానసిక వేధింపునూ వద్దంది. ఈ రెండో మాటే చాలామందికి చెవికెక్కలేదు.

మార్కులు తగ్గాయని క్లాసులో నిలబెట్టి తిట్టడం కూడా దెబ్బే. వాత కనిపించదు, అంతే.

2023లో విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి చనిపోయింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జులైలో కోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దు. పదిమందిలో అవమానించొద్దు. వందమంది, అంతకు మించి విద్యార్థులుంటే కౌన్సెలర్ ఉండి తీరాలి. బడికే కాదు, కోచింగ్ సెంటర్‌కూ హాస్టల్‌కూ ఇదే మాట. ఎంతో ముందే రావాల్సిన ఆదేశాలివి.

ఫీజు కట్టే రోజున తల్లిదండ్రులు ర్యాంకులు అడుగుతారు. అదే బల్ల దగ్గర ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి: ఇక్కడ కౌన్సెలర్ ఎవరు? పిల్లలు వారిని ఎప్పుడు కలవొచ్చు? జవాబు రాకపోతే, చేర్చేముందు మళ్లీ ఆలోచించాలి.

పిల్లలకు ఎవరైనా హాని చేస్తుంటే 1098కి ఫోన్ చేయొచ్చు. మనసు బాగా లేకపోతే టెలీ మానస్ ఫోన్ సేవ ఉంది. తెలుగులోనే మాట్లాడొచ్చు. నంబరు 14416. మరోసారి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.